చీటీ మీద రెండో పేరు

ఎనభైల మొదట్లో కూడా మేం ఈ గాజువాకలోనే ఉండేవాళ్లం. మా వారు పోర్టులో క్రేన్ ఆపరేటర్. డ్యూటీ దిగాక తాగకుండా ఇంటికొచ్చిన రోజు లేదు. పొద్దున్నే ఆయన చేతులు వణకడం మొదలయ్యాక నాకు భయం పట్టుకుంది.

ద్వారకా నగర్‌లో మానసిక వైద్యుడి ఫీజు మా తాహతుకు మించింది. గోపాలపట్నంలో ఒక బడిలో ఆదివారాలు ఉచితంగా కౌన్సెలింగ్ చేస్తున్నారని పక్కింటావిడ చెప్పింది. తాగుడు మాన్పించడానికని చెబితే ఆయన కదలరు. అందుకే, "నాకే మనసు బాగుండటం లేదు, తోడు రండి" అని అబద్ధమాడి తీసుకెళ్లాను. అక్కడ వచ్చినవాళ్ల పేరు రాసే చీటీ మీద కూడా నా పేరే రాయించాను.

లోపల కౌన్సెలింగ్ చేసే పెద్దావిడ, "రాత్రిళ్లు నిద్ర పడుతోందా అమ్మా?" అని నన్నడిగారు.

"నేదమ్మా" అన్నారు మా వారు. "నానొచ్చిందాకా గుమ్మం కాడే కూకుంటాది. నాను పడుకున్నాక, ఊపిరాడతందో నేదోనని ముక్కు కాడ సెయ్యెట్టి సూత్తాది."

మత్తులో ఆయనకేమీ తెలియదనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయనే చీటీ వైపు చూపించి, "దాని పేరు కొట్టేసి నా పేరు రాయండమ్మా" అన్నారు.

"కొట్టేయక్కర్లేదు. కింద మీది కూడా రాస్తాను" అన్నారావిడ.

ఆయన తాగుడు మానడానికి ఏడాది పట్టింది. ఆ తర్వాత కూడా చాలాకాలం నిద్రలో నా చెయ్యి ఆయన ముక్కు దగ్గరికే వెళ్లేది. ఆ రోజు నేనాడింది అబద్ధం కాదని అప్పుడర్థమైంది.

– ఒక పాఠకురాలు, గాజువాక