ఆ రాయికి మంచినీళ్లు పట్టించింది నేనే

2019. విశాఖలో, సీతమ్మధార దగ్గర ఒక ప్రైవేటు ల్యాబులో నా ఉద్యోగం. చమురు బావుల లోతుల్లోంచి తీసిన రాయిని వేలెడంత స్తంభంలా కోసి మాకు పంపేవారు. దాన్ని కోర్ ప్లగ్ అంటారు. రబ్బరు తొడుగులో బిగించి, ఒత్తిడితో నీరు పంపి, ఎంత సులువుగా పారుతుందో లెక్కగడతాం. ఆ గుణమే పర్మియబిలిటీ. నీరు మాత్రం ఆ బావిలో ఉన్నంత ఉప్పగానే ఉండాలి.

ఒక రోజు వచ్చిన ప్లగ్‌కి జోడీ లేదు. ఆ లోతు నుంచి పగలకుండా దొరికింది అదొక్కటే. పన్నెండింటికి చమురు కంపెనీ ఇంజనీరు సునీతగారు వస్తానన్నారు. పదిన్నరకు చూస్తే ఉప్పునీరు అయిపోయింది. మళ్లీ కలిపి, వడకట్టి, గాలి తీయాలంటే రెండు గంటలు.

“డిస్టిల్డ్ వాటర్ పెట్టేయ్,” అన్నాను టెక్నీషియన్ నూకరాజుతో. జాలరిపేట మనిషి, నాకంటే పెద్దవాడు. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద ఉన్నాడు, ఆ నెలలోనే పర్మినెంట్ కావాలి.

“వద్దు సార్. ఈ రాయిలో బంకమన్ను ఉంది. మంచినీళ్లు తగిల్తే ఉబ్బిపోద్ది. నాను బేగి కలిపేత్తాను, ఆవిడ్ని కాసేపు కూకోబెట్టండి.”

“చదువుకున్నది నువ్వా, నేనా?” అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

గంటలో ప్రవాహం దాదాపు ఆగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు ఉప్పునీరు కలిపించి పంపాను. కదిలిన బంకమన్ను రాతి లోపలి సన్నని దారుల్లో ఇరుక్కుపోయింది. ఇక రాలేదు.

సునీతగారు ఆలస్యంగా, రెండు దాటాక మా మేనేజరుతో కలిసి వచ్చారు. గేజీ చూసి, “ఏ నీళ్లు పంపారు?” అన్నారు.

“నూకరాజు పొరపాటున డిస్టిల్డ్ వాటర్ పెట్టేశాడండి.”

తడుముకోకుండా వచ్చింది నోటికి. నూకరాజు నా పక్కనే ఉన్నాడు. నా మొహం వంక చూశాడు. నెలాఖరున పర్మినెంట్ సంగతి అటుంచి, కాంట్రాక్టే ఆపేశారు.

మేనేజరుకు నిజం చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. “ఇప్పుడా చెప్పడం?” అన్నారాయన. అప్పటికే ఆ చోట వేరే మనిషిని తీసుకున్నారు.

జాలరిపేట వెళ్లాను. నూకరాజు పోర్టులో కూలిపనికి బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటున్నాడు. క్షమించమన్నాను. అక్కడితో ఆగానా? బుద్ధి లేక, “ఆ రోజు నువ్వైనా ఎందుకు చెప్పలేదు?” అని కూడా అడిగాను.

“మీరే సెప్తారనుకున్నాను సార్,” అన్నాడు లేసు కట్టుకుంటూ. “సెప్తారనే మీకేసి సూసినాను.”

ఇప్పుడు ఏ నీళ్లు పంపామో, ఎవరు పంపమన్నారో ప్రతి రిపోర్టులో నా చేత్తోనే రాస్తాను. ఆ రాయి రిపోర్టులో మాత్రం ఇంకా అతని పేరే ఉంది.