కటింగ్ మిషను దగ్గర రెండో మనిషి

మా మామయ్య ముప్పై ఒక్క సంవత్సరాలు ఒకే మిషను ముందు నిలబడ్డాడు. ప్రెస్సులో బైండింగ్ హాలు చివర, కిటికీ పక్కన ఉండే కటింగ్ మిషను అది. కుట్టిన పుస్తకాలను దొంతరగా పెట్టి, చక్రం తిప్పి కొలత సరిచేసి, రెండు చేతులతో రెండు బొత్తాలు నొక్కితే కత్తి దిగుతుంది. అంచులు తెగి, పుస్తకానికి పుస్తకం రూపం వచ్చేది అక్కడే. హాల్లో అందరూ ఆయన్ను కత్తి మేస్త్రి అనేవాళ్ళు. కత్తి మొద్దుబారిందని మిగతావాళ్ళకు అంచు చిరిగాక తెలిస్తే, ఆయనకు చప్పుడును బట్టి ముందురోజే తెలిసేది. కాగితాల దొంతరను విసనకర్రలా విప్పి, మధ్యలో గాలి ఊది, బల్లమీద రెండుసార్లు తట్టాడంటే గోడ కట్టినట్టు నిలబడేది. పది వేళ్ళూ మిగిలి ఉన్నాయి. ఆ పనిలో అన్నేళ్ళు చేసినవాడికి అంతకుమించిన బిరుదు లేదు.

మా నాన్న పోయాక అమ్మనూ నన్నూ ఇంటికి తెచ్చుకున్నది ఆయనే. నా చదువు పదో తరగతితో ఆగిపోతే ప్రెస్సులో పెట్టించిందీ ఆయనే. అక్కడ పాడైపోయిన అచ్చు కాగితాలు పోగుచేసుకుని చదివేవాణ్ణి. మొదలు లేని కథలు, చివర లేని చరిత్రలు, ఏదైతేనేం. కాగితాన్ని మేం కోస్తాం, వీడు మేస్తాడు అని మామయ్య అందరికీ చెప్పుకుని నవ్వేవాడు. ఆ మేతే కొంప ముంచింది. చదవడం రాయడం బాగా వచ్చినవాడని మేనేజరు నన్ను ఇరవై ఆరేళ్ళకే హాలు మొత్తానికీ సూపర్‌వైజరును చేశాడు. కింద పద్నాలుగు మంది. వాళ్ళలో నాకు బ్రష్షు పట్టుకోవడం నేర్పినవాళ్ళున్నారు, జిగురు ఒలకబోసినందుకు చెవి మెలిపెట్టినవాళ్ళున్నారు.

నేను వస్తుంటే మాటలు ఆగిపోయేవి. ఏమడిగినా "మీరెలా అంటే అలా" అనేవాళ్ళు. మర్యాదతో మనిషిని కొట్టవచ్చని ఆ వారంలో తెలుసుకున్నాను. నోరు మూయనిది ఒక్క రేడియోయే. మామయ్యకు హెల్పరు, పదేళ్ళుగా ఆ మిషను దగ్గర రెండో మనిషి. పొద్దున మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆగడు కాబట్టి ఆ పేరు. నిన్నటిదాకా నన్ను అల్లుడూ అని పిలిచినవాడు, కుర్చీ ఎక్కగానే అల్లుడు సార్ అనడం మొదలుపెట్టాడు. "అల్లుడు సార్ వచ్చారు, దగ్గాలనుకున్నవాళ్ళు చీటీ రాసి ఇవ్వండి" అనేవాడు. హాలంతా తలొంచుకుని నవ్వేది.

మామయ్య చక్రం తిప్పుతుంటే పక్కన నిలబడి కొలతను బస్సు కండక్టరులా అరిచేవాడు. నూట ముప్పై ఐదు దాటింది, నూట ముప్పై ఎనిమిది వచ్చింది, దిగేవాళ్ళు దిగండి, అని. మామయ్య అక్కడ చక్రం ఆపేవాడు. నా చెవికి అదంతా గోల. నా పెత్తనాన్ని వెక్కిరించే గోల.

మడత బల్ల దగ్గర పని వెనకబడుతోందని మేనేజరు అన్నాడు. మనిషి కావాలి. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రేపటి నుంచి రేడియో మడత బల్లకు పోవాలని అందరి ముందూ చెప్పాను. మామయ్య నా వైపు తల తిప్పి, సరే అన్నాడు.

సాయంత్రం రేడియో నా కుర్చీ దగ్గరకు వచ్చాడు. మొహంలో వేళాకోళం లేదు.

"బాబూ, నా బదులు ఇంకెవర్నైనా పంపు. నన్ను అక్కడే ఉండనీ."

"ఎందుకు?"

"మేస్త్రికి అలవాటు."

"నువ్వు అరవకపోతే కత్తి దిగదా?"

ఏదో అనబోయి ఆగాడు. ఎప్పుడూ ఆగని మనిషి ఆగితే అనుమానం రావాలి. నాకు గెలిచినట్టనిపించింది.

మర్నాడు మామయ్య ఒక్కడే మిషను దగ్గర. బడిపిల్లల వాచకాలు. కాగితం మిగల్చాలని అంచున ఖాళీ పిసినారిగా వదిలిన పుస్తకం. వెడల్పు నూట ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. మొదటి దొంతర తెగగానే ఒక పుస్తకం తీసి సూపర్‌వైజరు చూడాలన్నది నియమం. కత్తి మేస్త్రి కోసినదాన్ని మాత్రం ఎవరూ చూసేవాళ్ళు కాదు. చూడటమంటే ఆయన్ను అవమానించడమే. నా ముందున్న సూపర్‌వైజర్లు చూడలేదు, నేనూ చూడలేదు.

మధ్యాహ్నం కట్టలు కట్టే ఆవిడ ఒక పుస్తకం పట్టుకుని వచ్చింది. కుడి పేజీల్లో ప్రతి పంక్తికీ చివరి అక్షరం లేదు. ఎడమ పేజీల్లో మొదటి అక్షరం లేదు. అప్పటికే ఎనిమిది వందలు తెగాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది. అందరూ చూస్తుండగానే మిషను దగ్గరకు వెళ్ళి, ఉక్కు బద్ద మీద ముల్లు ఎక్కడుందో చదవమన్నాను. మామయ్య వంగాడు. తల కొంచెం పక్కకు తిప్పి, కోడి గింజను చూసినట్టు చూశాడు. వేలితో బద్దను తడిమాడు.

"నూట ముప్పై ఎనిమిది" అన్నాడు, నమ్మకంగా.

ముల్లు నూట ముప్పై మూడు మీద ఉంది.

ఎవరూ నవ్వలేదు. హాలులో అందరికీ ముందే తెలుసని ఆ మౌనంలో నాకు తెలిసింది. తెలియనిది నాకొక్కడికే. మడత బల్ల దగ్గర నుంచి రేడియో వచ్చి నన్ను మెట్ల కిందకు తీసుకుపోయి చెప్పాడు. రెండేళ్ళయింది. మామయ్య చూపుకు నడుమ మసక, పక్కల మాత్రమే కనిపిస్తుంది. ఇక బాగుపడేది కాదని డాక్టరు చెప్పేశాడు. దొంతర పెట్టడానికి చేతులు చాలు, కత్తికి చెవి చాలు. అంకెలకే ఇంకొకరి కళ్ళు కావాలి. ఎవరికీ చెప్పనని రేడియో చేత మామయ్య ఒట్టు వేయించుకున్నాడు. అయినా చూస్తూ చూస్తూ హాలంతా కనిపెట్టేసింది. పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు.

"కొలత గేజి దానంతటదే జారిందని రాయి. మేమంతా సంతకాలు పెడతాం" అన్నాడు రేడియో. "పద్నాలుగు నెలలు బాబూ. ఆ మిషను దగ్గర నుంచే ఆయన్ను ఇంటికి పంపిద్దాం."

ఆ సాయంత్రం నష్టం ఫారం నా ముందు పెట్టుకుని కూర్చున్నాను. చూపు లేని మనిషిని కత్తి ముందు నిలబెట్టి నేను నిద్రపోగలనా అని నన్ను నేను అడిగాను. అది నిజమైన ప్రశ్నే. కానీ దాని వెనక ఇంకొకటి నక్కి ఉంది. గేజి జారలేదని రేపు మెకానిక్కు తేల్చేస్తే నా కుర్చీ ఏమవుతుంది? కారణం అన్న చోట, మేస్త్రికి చూపు మందగించడం వల్ల కొలత తప్పుగా చదివాడు అని రాశాను. ఆయన పక్క నుంచి పదేళ్ళ హెల్పరును ముందురోజు తప్పించింది నేనేనని రాయలేదు. ఫారంలో అందుకు చోటు ఉంది. రెండు గీతలు ఖాళీగా మిగిలాయి.

మూడు రోజుల తర్వాత మామయ్యను పనిలోకి రావద్దన్నారు.

ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మ పోయాక నేను వేరే గదిలో ఉంటున్నాను, రెండు వీధుల అవతల. అత్తయ్య తలుపు తీసి, మామయ్య లోపలున్నాడు నాన్నా అని మాత్రం అంది. మామయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. పనిలేని ఆ చేతులను మోకాళ్ళ మీద పెట్టుకోవడం కూడా ఆయనకు తెలియడం లేదు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి నాకు ఏ హక్కూ లేదు, అయినా అడిగాను.

"చెబితే నువ్వు దాచాలి కదరా" అన్నాడు. "కుర్చీ ఎక్కిన వారానికే నీ చేత దొంగ సంతకం పెట్టించనా?"

తర్వాత దిండు కింద నుంచి ఒక కవరు తీశాడు. ఆఫీసు పంపిన ఉత్తరం, దానికి నా ఫారం నకలు జతచేసి ఉంది. లోపల ఏముందో తెచ్చినవాడు చెప్పాడట, అత్తయ్యకు మాత్రం చూపించలేదట.

"నువ్వు రాసిందే కదా. నువ్వే చదువు, వింటాను."

చదివాను. తేదీ, పుస్తకం పేరు, ఎన్ని పాడయ్యాయో చదివాను. కారణం దగ్గరకు వచ్చాను. హెల్పరును తప్పించింది నేనేనన్న, అక్కడ లేని వాక్యాన్ని నోటితో చదివేయవచ్చు. ఆయనకు కనిపించదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఉన్నదే చదివి ఆపాను.

మామయ్య ఇంకా వింటున్నట్టే తల వంచి ఉన్నాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే" అన్నాను.

చెయ్యి చాచి కాగితం తీసుకున్నాడు. వేళ్ళతో తడిమి, అంచుకు అంచు కలిపి మడిచి, నేను తిన్నానో లేదో కనుక్కోమని అత్తయ్యను పిలిచాడు.