తిక్కయ్య బిగువు బ్యాటు

ఆ మధ్యాహ్నం మా అన్న తిక్కయ్య మగ్గం గుంటలోంచి లేచి, గోడ మేకుకు వేలాడుతున్న బ్యాటును దించాడు. చుట్టి ఉన్న పాత పంచె గుడ్డను విప్పాడు. బొటనవేలితో తీగలను నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకొని గోటితో మీటాడు.

"ఇంగా ఉంది బిగువు" అన్నాడు, ఎవరితోనూ కాదు.

మళ్లీ గుడ్డ చుట్టి మేకుకు తగిలించి, వదిన ఇచ్చిన మజ్జిగ తాగి చాప మీద వాలాడు. అంతే. నేను ఆదోని నుంచి పుట్టింటికి వచ్చి, గడపలో కూర్చొని కండెలు చుడుతున్నాను. పొద్దు వాలినా లేవకపోతే వదిన భీమక్క పిలిచింది. తట్టింది. అది 1986, ఎండలు ముదురుతున్న రోజులు.

ఆ బ్యాటుతో ఆడటం ఆయన మానేసి అప్పటికే ఏడేళ్లయింది. మానేశాక కూడా రోజూ దించి చూసుకొనేవాడు. మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు దారాలను తట్టి చూసే మనిషి, బ్యాటును తట్టి చూడటంలో మాకు వింతేమీ కనిపించలేదు.

ఎమ్మిగనూరులో మా నేతగాళ్ల వీధి చివర ఒక బయలు ఉండేది. సాయంత్రం మగ్గాలు ఆగాక అక్కడ వల కట్టి బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, మధ్యలో పసుపుపచ్చ ఉన్ని బంతి. పగలంతా గుంటలో కాళ్లాడించి, నాడెను అటూ ఇటూ పరుగెత్తించే తాడు లాగి లాగి వచ్చిన మనుషులు ఎందుకు మళ్లీ అంత ఎగిరేవాళ్లో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా తల ఎత్తి ఆకాశం చూసే పని వాళ్లకు రోజంతటిలో అదొక్కటే.

1974లో ఆదోని నుంచి ఒక జట్టు వచ్చి మావాళ్లతో ఆడింది. అందులో వెంకోబారావు అని ఒక బడిపంతులు వెనక గీత దగ్గర నిలబడేవాడు. ఆయన అక్కడి నుంచి కొడితే బంతి అవతలి వెనక గీత మీద పడేది. మావాళ్లు చిత్తుగా ఓడిపోయారు. ఆట అయ్యాక మా అన్న ఆయన దగ్గరికి పోయి బ్యాటు అడిగి పట్టుకున్నాడు. బరువుగా ఉంది. తీగలు నొక్కితే వేలు దిగలేదు. ఆ రాత్రి అన్నం తింటూ వదినతో చెప్పాడు.

"ఆయప్ప బ్యాటు మన పడుగు కంటే బిగువుగా ఉందే! అందుకే ఆ బాలు అట్ల పోతాంది. నేనూ అట్లాంటిది తెచ్చుకొని, ఒక్కసారన్నా ఆదోనిలో ఆయప్ప ముందర ఎనక గీత కాడ నిలబడి ఆడాల."

"ముందు ఈ ముద్ద మింగు" అంది వదిన.

బ్యాటు కొనడానికి ఆదోని బస్సెక్కిన రోజు తోడు పోయింది సిద్ధప్ప. మా వీధి జట్టుకు అతనే కెప్టెన్. ఆ అంగడిలో జరిగింది అతను ఎన్నిసార్లు చెప్పాడంటే, నేనూ ఆ బల్ల పక్కన నిలబడ్డట్టే అనిపిస్తుంది.

అంగడి ఖాసిం సాబుది. బ్యాట్లకు తీగలు కట్టేదీ ఆయనే. "ఎన్నాళ్ల నుంచి ఆడ్తాండావప్పా?" అని అడిగాడట.

"రెండేండ్లు."

"ఏం పని?"

"మగ్గం."

"ఏదీ, చెయ్యి ఆడించు." మా అన్న గాలిలో కొట్టి చూపించాడు. ఖాసిం సాబు తేలికైన బ్యాటొకటి తీసి ముందు పెట్టాడు. "నీది మణికట్టు దెబ్బ, నాడె తాడు లాగినట్ల. భుజం కదల్లేదు. నీకిది సరి. సడలుగా కట్టినా. బాలు పడితే తీగ లోపలికి పోయి అదే ఇసిరి కొడ్తాది."

మా అన్న తీగలు నొక్కి చూసి నవ్వాడట. "సడలు పడుగు మీద గుడ్డ యాడన్నా వస్తాదా సాబూ? ఇది దోమతెర. నాకు బిగువుది కావాల."

"బిగువుది చెయ్యి తిరిగినోడికప్పా. భుజమంతా తిప్పి కొట్టేటోడికి. నువ్వు కొడితే బాలు నీ కాళ్ల కాడే పడ్తాది."

"పదేండ్లప్పుడు మగ్గంలో దిగినా. బిగువు సంగతి నాకు సెప్తావా?"

"చెప్పనప్పా, చెప్పను" అని ఖాసిం సాబు బరువు బ్యాటు తీసి ఇచ్చాడట. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా అన్న దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడని చెప్పి సిద్ధప్ప నవ్వేవాడు.

ఖాసిం సాబు చెప్పినట్టే అయింది. వెనక నుంచి మా అన్న కొట్టిన బంతి వల దాటడమే గగనం. దాటినా అవతలి ముందువరుసకు చేతికందినట్టు పోయేది.

"ఏమన్నా, నీ బాలు పెండ్లికూతురు నడిచినట్ల వస్తాందే!" అని సిద్ధప్ప ఎగతాళి చేసేవాడు. "ఆ దూలం పారేసి చీపురన్నా పట్టుకో."

"చెయ్యి కుదురుతాది లేప్పా. కొత్త మగ్గం కుదరడానికే ఆర్నెల్లు పడ్తాది."

ఆరు నెలలు కాదు, ఏళ్లు గడిచాయి. రాత్రుళ్లు వదిన ఉప్పు మూట వేడి చేసి భుజానికి కాపడం పెట్టేది. పొద్దున ఆ భుజంతోనే మగ్గం. వానాకాలం తీగలు సడలితే ఆదోనికి పోయి బిగించుకొని వచ్చేవాడు. ఆ మధ్యలో నా పెళ్లయి, నేను ఆదోనికి కాపురానికి పోయాను.

1979లో ఆదోనిలో పెద్ద పోటీ పెట్టారు. వెంకోబారావు జట్టు ఆడుతోంది. మా వీధి జట్టుకూ పిలుపు వచ్చింది. పోటీకి ముందు వారం నేను ఎమ్మిగనూరులోనే ఉన్నాను. ఆడే ఐదుగురిలో వెనక చోటు ఒకటి ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. సిద్ధప్ప తన బ్యాటు తెచ్చి మా అన్న చేతిలో పెట్టాడు. అది తేలికది, సడలుది.

"అన్నా, నీ చూపు మంచిది, కాళ్లు మంచివి. దీంతో ఆడు. ఎనక చోటు నీదే. నేను ఇంగోటి తెచ్చుకొని ముందర వరుసలో ఆడుకుంటా."

మా అన్న బయలులోకి పోయి కొట్టాడు. నేనూ వదినా గడపలో నిలబడి చూశాం. ఆ మణికట్టు చిన్నగా కదిలింది, అంతే. బంతి పైకి లేచి, పోయి పోయి అవతలి వెనక గీత మీద పడింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అక్కడే. పిల్లలు కేకలు వేశారు. వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

మా అన్న ఆ బ్యాటును కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత సిద్ధప్పకు తిరిగి ఇచ్చేశాడు.

"వద్దులేప్పా. అది నేను కొట్టింది కాదు. బ్యాటు కొట్టింది."

"ఎవరు కొడితే ఏముందన్నా? పడింది గదా!"

"ఆయప్ప బిగువుదాంతో కొడ్తాంటే, నేను దోమతెరతో పోయి ఎదురుగా నిలబడాల్నా?"

సిద్ధప్ప బతిమాలాడు, తిట్టాడు, చివరికి వెనక చోటు ఇంకొకరికి ఇచ్చాడు. మా అన్న జట్టుతో ఆదోనికి వచ్చాడు గానీ, నీళ్లబిందె పక్కన కూర్చొని చూశాడు. ఆట అయ్యాక భోజనానికి ఆదోనిలోని మా ఇంటికి వచ్చాడు. ఏళ్ల తరబడి ఆ బరువు బ్యాటు తిప్పిన కుడిచెయ్యి పైకి లేవడం లేదు. రొట్టె తుంచడానికి ఎడమచెయ్యి సాయం పెట్టుకున్నాడు.

"గెలిచినారా అన్నా?"

"యాడ గెలుస్తాం సుగుణా! వెంకోబారావు సారు బాలు ఇప్పటికీ అట్లే పోతాంది. వయసు మీద పడింది, అయినా అదే దెబ్బ. బిగువంటే అదీ." తుంచిన రొట్టెను కంచంలోనే పెట్టేశాడు. "నాకు రాలేదు" అన్నాడు. అలసిన మనిషి కూర్చోవడానికి చోటు చూసుకున్నట్టు ఉంది ఆ మాట. ఇంటికి పోయి బ్యాటును మేకుకు తగిలించాడు. మళ్లీ బయలులోకి దిగలేదు.

అన్న పెద్దకర్మ అయ్యాక వదిన ఆ బ్యాటు దించి నాకిచ్చింది. "దాన్ని సూస్తే మీటిన సద్దు ఇనపడ్తాది. తీస్కపో" అంది. ఆదోనిలో మా ఇంట్లో మేకు కొట్టి తగిలించాను. వానలు మొదలయ్యాక ఒకరోజు గుడ్డ విప్పి చూస్తే తీగ ఒకటి తెగి ఉంది. అలా వదిలేయడానికి మనసు ఒప్పక ఖాసిం సాబు అంగడికి తీసుకుపోయాను.

ఆయన ముసలివాడయ్యాడు. బ్యాటు చేతిలోకి తీసుకొని తీగలు నొక్కి, నా మొహం చూశాడు.

"ఎమ్మిగనూరు తిక్కయ్యది కదమ్మా ఇది? ఇంత బిగువు ఆయప్పకే కట్టేటోన్ని. ఆయన కంటే ముందు వెంకోబారావు సారుకు. సారుకు భుజం పట్టేసింది గదా, ఆ పెద్ద పోటీకి రెండేండ్ల ముందే సడలు కట్టించుకొన్నాడు. నేనే కట్టినా. బ్యాటు పాతదే, తీగలు సడలువి. ఆ పోటీలో సారు ఆడింది దాంతోనే."