కుర్చీ వెనక నిలబడితేనే మాట

మా తాత గడ్డం గీస్తే ఆ చెంప మీద వాలిన ఈగ జారిపడి నడుం విరగ్గొట్టుకుంటుంది. రాజులు ఇంకా బతికి ఉంటే కిరీటాలు చంకన పెట్టుకుని మా కటింగ్ షాపు ముందు వరస కట్టేవారు. నమ్మకపోతే ఈగనే అడగండి.

అంతటి చేతికి వణుకు పట్టుకుంది. కారణం వీధి వీధంతా తెలుసు. గుట్టుగా తాగుతున్నానని తాత ఒక్కడే అనుకునేవాడు. గడ్డం గీశాక రాసే లోషన్ సీసాలో మందు పోసుకుని, దర్జాగా అద్దం ముందే పెట్టుకునేవాడు. ఒకరోజు తొందరలో ఆ సీసానే ఎత్తి ఓ కొత్త పెళ్ళికొడుకు చెంపలకు పట్టించాడు. ఆ అబ్బాయి పుట్టి బుద్ధెరిగి మందు ముట్టినవాడు కాదు. పాపం, అత్తారింట్లో ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు.

దానికి అందరం నవ్వాం. గుడ్డల కొట్టాయన చెవి తెగిన రోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన సగం గడ్డంతోనే లేచి, చెవి పట్టుకుని, ఎదురు షాపులోకి వెళ్ళి మిగతా సగం గీయించుకున్నాడు. తాత గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు.

ఆ సాయంత్రం తాత కూతురు, అంటే మా అమ్మ, కత్తి తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"చెయ్యి నిలకడగా ఉండేదాకా దీన్ని ముట్టుకోకు నాన్నా. కత్తెరతో ఎంతవుతుందో అంతే చెయ్యి."

తాత కోరలు పీకిన పాములా అయిపోయాడు. ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే. అదీ పోతే ఇక ఆయన ఎవరు?

మర్నాడు వీధి చివర మందుల షాపుకు వెళ్ళి గొంతు తగ్గించాడు.

"నాకు తెలిసినవాడొకడున్నాడు. బాగా తాగుతాడు పాపం. మానాలనుకునేవాళ్ళ కోసం ఏదో మీటింగు పెడతారటగా?"

షాపాయన నవ్వలేదు. "అవును బాబాయ్, శనివారం సాయంత్రం, లైబ్రరీ పైగదిలో. డబ్బు కట్టక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. కానీ ఆయన్ని ముందు డాక్టరుకి చూపించుకోమను. ఉన్నట్టుండి మానేస్తే ఒంటికి ప్రమాదం."

"అలాగే చెప్తాలే."

"మెట్లు కాస్త ఎత్తు. నీ మోకాలు జాగ్రత్త."

డాక్టరు దగ్గరికి అమ్మ తీసుకెళ్ళింది. శనివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తాత ఒక్కడే బయల్దేరాడు. తెలిసిన మొహం ఒక్కటి కనబడినా వెనక్కి తిరిగి వచ్చేయాలని ముందే తీర్మానించుకున్నాడు. తలుపు ఓరగా తోసి చూస్తే, అందరూ అటు తిరిగి కూర్చుని ఉన్నారు. మొహాలు కనబడనే లేదు. కానీ తాతకు మనుషులు మొహాలకన్నా వెనక నుంచే బాగా తెలుసు. ఆ రెండు సుడుల తల, రెండు పెళ్ళిళ్ళ జాతకమని అందరూ ఏడిపించినా ఒక్క పెళ్ళితోనే అలిసిపోయిన లెక్కల మాస్టారిది. మెడ మీద పుట్టుమచ్చ పోస్టుమాన్‌ది. ఆ క్రాఫులన్నీ తాత కత్తిరించినవే.

చల్లగా జారుకుందామని తిరిగేసరికి, మీటింగు నడిపే రిటైరైన బస్సు కండక్టరు టీ గ్లాసులతో అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"లోపలికి జరగాలన్నా, లోపలికి జరగాలి! సీట్లు ఖాళీ."

జరగక తప్పలేదు. ఒక్కొక్కరే చెప్పుకుంటూ వచ్చారు. తాత వంతు వచ్చింది. పొద్దస్తమానం వాగే మనిషి ఇస్త్రీ చొక్కా అంచు మెలిపెడుతూ కూర్చున్నాడు.

"తొందరేం లేదన్నా" అన్నాడు కండక్టరు.

"అది కాదు. నాకు కూర్చుని మాట్లాడటం అలవాటు లేదు."

"అయితే నిలబడు."

తాత లేచి, నేరుగా వెళ్ళి లెక్కల మాస్టారి కుర్చీ వెనక నిలబడ్డాడు. చేతులు వాటంతటవే పోయి మాస్టారి తలను తిన్నగా సరిచేశాయి. మాస్టారు కూడా అలవాటుగా గడ్డం కిందికి వంచాడు. గది గొల్లున నవ్వింది. ఆ నవ్వుతో తాత గొంతు తెరుచుకుంది. లోషన్ సీసా, పెళ్ళికొడుకు, తెగిన చెవి, ఎదురు షాపులో పూర్తయిన సగం గడ్డం, అన్నీ కళ్ళు తుడుచుకుంటూ ఆ రెండు సుడులకే చెప్పుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదనుకున్నా" అన్నాడు చివరికి.

మాస్టారు తల తిప్పకుండానే అన్నాడు. "గడ్డం గీసేటప్పుడు నీ నోరు నా ముక్కుకి జానెడు దూరంలో ఉంటుందయ్యా. తెలియకేం?"

"మరి మీ దగ్గర నాకెప్పుడూ వాసన రాలేదే!"

"ఎలా వస్తుంది? నువ్వూ తాగే ఉండేవాడివి."

మళ్ళీ నవ్వులు. ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది తాతే. ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే కాచుక్కూర్చుంది.

"ఎలా ఉంది నాన్నా?"

"అందరూ మనవాళ్ళేనే" అని, గుండె మీది బండ దిగినట్టు మంచమ్మీద వాలి, గురక పెట్టి నిద్రపోయాడు.

తరవాత ఒకసారి కాలు జారి మళ్ళీ తాగాడు. అదీ వెళ్ళి అక్కడే చెప్పుకున్నాడు. శనివారాలు మాత్రం మానలేదు. మెల్లగా వణుకు తగ్గింది. ఒక ఉదయం నిండు గ్లాసు నీళ్ళు చుక్క తొణక్కుండా తెచ్చి అమ్మకు ఇస్తే, అమ్మ బీరువా తెరిచింది.

ఇక ఆ కత్తి కింద మొదటి చెంప ఎవరిది? వీరులెవరూ ముందుకు రాలేదు. చదువు అబ్బకపోయినా మీసం అబ్బిన మనవణ్ణి, నేనే కుర్చీ ఎక్కాను. తాత నురగ పట్టించి, చెంప బిగదీసి, పైనుంచి కిందికి ఒక్క గీత గీశాడు. వెన్నలా సాగింది. ఆయన వదిలిన నిట్టూర్పు నా ముఖానికి తగిలింది. అందులో టీ వాసన తప్ప ఇంకేమీ లేదు.

నా నోరు ఊరుకుంటుందా? "అక్కడ అంతమంది ముందు ఏడ్చావట కదా తాతా, నిజమేనా?"

"ఏడ్చాను. నురగ నోట్లోకి పోతుంది, మూతి ముయ్."