కంటికొలత దర్జీ గుండెకు కొలత

దర్జీ అన్నాక మెడలో టేపు ఉండాలి కదా! ఈయన మెడ మాత్రం ఎప్పుడూ బోసిగానే ఉండేది. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఓసారి ఎగాదిగా చూసి, గుడ్డ మీద సుద్దతో గీసేసేవాడు. చొక్కా అతికినట్టు సరిపోయేది. అందుకే వీధి వీధంతా ఆయన్ని కంటికొలత అనేది. ఆ పేరు చెవిన పడితే చాలు, ఆయన మీసం కాస్త పైకి లేచేది, అబద్ధమెందుకు!

అలాంటివాడు ఒకనాడు గుండె పట్టుకుని కుట్టుమిషను మీదే ఒరిగిపోయాడు. ఆసుపత్రివాళ్ళు హుటాహుటిన మణికట్టులోంచి సన్నని గొట్టం పంపి, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి స్టెంటు వేశారు. చావు తప్పింది. అయితే ఇంకో రెండు నాళాలు కూడా ఇరుకుగా ఉన్నాయనీ, కాస్త కోలుకున్నాక వాటి సంగతీ తేల్చాలనీ డాక్టరమ్మ చెప్పింది.

"నొప్పి పోయిందిగా, మళ్ళీ ఎందుకు?" అని మొండికేశాడు. భార్య ఊరుకుంటేనా!

"నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నీకు తెలియకపోయినా నాకు తెలుసు. పద," అని రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కొచ్చింది.

బల్ల మీద పడుకోబెట్టారు. మెలకువగానే ఉన్నాడు. పక్కనున్న తెర మీద తన గుండే! రంగు మందు పడగానే నాళాలు నల్లగా, కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుని అంతలోనే మాయమవుతున్నాయి. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఎంతైనా పుట్టిన బుద్ధి ఊరుకోదు. "డాక్టరమ్మా, ఆ చిన్న కొమ్మ దారంలా అయిపోయింది, దానికి స్టెంటు వేసెయ్యండి. ఈ పెద్దది బాగానే ఉంది, వదిలెయ్యండి," అని తీర్పు చెప్పేశాడు.

ఆవిడ నవ్వింది. "చూస్తే నాకూ అలాగే అనిపిస్తోంది బాబాయ్ గారూ. కానీ చూపుని నమ్మి గుండె మీద చెయ్యి వెయ్యలేను. కొలుద్దాం."

వెంట్రుకలాంటి తీగ ఒకటి లోపలికి వెళ్ళింది. ఇరుకుకి ఇవతల రక్తం ఒత్తిడి ఎంత, అవతల ఎంత అని అది చెబుతుందట. ఏదో మందు ఎక్కించారు. ఛాతీ ఒక్కసారి బిగుసుకుని వదిలింది. దారంలా కనిపించిన కొమ్మలో ఒత్తిడి పెద్దగా తగ్గనే లేదు. దానికి మాత్రలు చాలన్నారు. ఆయన వదిలెయ్యమన్న పెద్ద నాళంలో మాత్రం, ఇరుకు దాటేసరికి ఒత్తిడి సగానికి సగం పడిపోయింది. గుండె ముందు భాగమంతా బతికేది దాని మీదే.

ఆయన తెర మీంచి చూపు డాక్టరమ్మ వైపు తిప్పాడు. "దీన్ని వదిలేసి ఉంటే?"

"మళ్ళీ ఇక్కడికే వచ్చేవారేమో. వచ్చే టైము దొరికితే."

ఆ పెద్ద నాళంలో స్టెంటు తెరుచుకుంది. ఇందాక మసకగా ఉన్న కొమ్మల కొసల దాకా రంగు మందు జివ్వున పరుగెత్తింది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"నొప్పా బాబాయ్ గారూ?"

"కాదమ్మా. ఎక్కడా అతుకు లేదు, కుట్టు లేదు. ఎవరు చేశారమ్మా దీన్ని?"

డాక్టరమ్మా తెర వైపే చూస్తూ ఉంది.

వార్డులోకి తీసుకురాగానే భార్య చెయ్యి పట్టుకుని తన గుండె మీద పెట్టుకున్నాడు. "ఒసే, పుట్టినప్పట్నుంచీ ఒక్క పూట సెలవు అడగలేదే ఇది! నేనొక్కనాడైనా పట్టించుకున్నానా?"

ఆవిడ రెండో చేత్తో దుప్పటి సర్దుతూ, "నేను మాత్రం అడిగానా?" అంది.

ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు.