ఆ మిషన్నే అడిగిన అమ్మాయి

ఫిషింగ్ హార్బర్ నుంచి సీతమ్మధార వెళ్లే సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి పేరు నేను అడగలేదు. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఫోన్లో పైఅధికారికి ఎదురు చెబుతోంది.

"అన్నీ ఆపను సార్. పాడైంది ఒక్క మిషనే. మిగతావాటి నుంచే బోట్లకి తుఫాను కబుర్లు ఎల్తన్నాయి. మా నాన్న కూడా సముద్రంలోనే ఉన్నాడు."

ఏమిటమ్మా అన్నాను.

"క్లౌడ్‌లో అద్దె మిషన్లు, బాబాయ్. ఎక్కడో ఉన్న కంప్యూటర్లని ఇంటర్నెట్లో వాడుకుంటాం. వాటిమీద నడిసే కంటైనర్ల పేర్లు, అంటే ప్రోగ్రాములు పెట్టిన డబ్బాల పేర్లు, పూటపూటకీ మారిపోతాయి. ఆ పేరు సూసి ఆపితే మంచి మిషను పోద్ది. దాని సొంత నంబరేటో దాన్నే అడగాల. మా బోటునైనా రంగు సూసి కాదు, ఒంటిమీద నంబరు సూసే పోల్సుకుంటాం."

ఏదో టైపు చేసింది. తెరమీద పొడవాటి నంబరొకటి వచ్చింది. ఆ ఒక్క మిషన్నే ఆపింది.

ఎవర్నడిగి ఒక్కటే ఆపావని ఫోన్లో ఆ పైఅధికారి అరవడం నాకూ వినిపించింది.

"ఆ మిషన్నే అడిగాను సార్" అంది, గొంతు పెంచకుండా.