పాత కారుకు గట్టి స్ప్రింగులు

నేను బొగ్గు గనిల డంపర్ నడుపుత. ఇల్లంత ఎత్తు బండి అది. సీట్ల కూసుంటే టైరు కింద రాయి పడ్డదో, బురద పడ్డదో నడుముకే తెలిసిపోతది. ఇన్నేండ్ల నౌకరీల నేను నేర్చిన విద్య అదొక్కటే. అందుకే నా చిన్న కారు సంగతిల నాకు ఏమీ అర్థం కాకుండ పోవుడు ఇప్పటికీ మింగుడు పడదు.

నాది ఆ పేరుతోటి వచ్చిన కార్లల మొట్టమొదటి తరంది. పొట్టిగ, గుండ్రంగ ఉంటది. స్టీరింగ్ కొంచెం బరువు. ఎవరో వాడిందే కొన్న. తర్వాత అదే పేరు మీద ఇంకో తరం వచ్చింది, దాని తర్వాత ఇంకోటి వచ్చింది. బూర్గంపాడుల ఉండే నా బామ్మర్ది ఆఖరు తరంది కొన్నడు. కొన్న వారానికే తాళం నా చేతుల పెట్టి, "నడిపి చూడు బావా" అన్నడు.

పది నిమిషాలు నడిపిన. స్టీరింగ్ ఒక్క వేలుతోటి తిరుగుతున్నది. గుంత వచ్చింది, పోయింది, నాకు కబురే అందలే. దిగినంక "ఎట్లుంది?" అని అడిగిండు. "బాగుంది" అన్న. నిజంగ బాగుందా? రోడ్డు మీద ఉన్ననో, ఇంట్ల మంచం మీద ఉన్ననో తెలియని బండి బాగున్నట్టా, లేనట్టా? ఇంటికొచ్చేదాక ఇదే ఆలోచన.

ఖమ్మంల నాకు తెలిసిన మెకానిక్ ఉన్నడు. ఆయనది నడిమి తరం కారు. నా మాట విని నవ్విండు.

"అన్నా, బండి పాతదైతే ఏంది? కాళ్ళు కొత్తవి పెడదాం."

గట్టి స్ప్రింగులు, గ్యాస్ షాకబ్జార్లు, కొంచెం వెడల్పు టైర్లు పెట్టిండు. కారు రెండు వేళ్ళు కిందికి దిగింది. వైరా రోడ్డు మీద ఒక్కన్నే తోలి చూసిన. ఇంతకుముందు మలుపు తిరిగితే ఒక పక్కకు ఒరిగేది. ఇప్పుడు ఒరుగుతలే. నేను ఎటు చూస్తే అటు పోతున్నది. నా అంత సంతోషం ఎవరికీ ఉండదనుకున్న.

ఆ సంతోషం నా భార్య కారెక్కేదాకనే. ఆమె ఇంట్ల జాకెట్లు కుడతది. నడుము నొప్పి పాతదే. పాల్వంచ దాటకముందే, "ఏందయ్యా ఇది, ఎడ్లబండి చేసినవా?" అన్నది.

"మలుపుల ఒరుగుతలే, చూడు."

"మలుపులు ఎన్ని, గుంతలు ఎన్ని?"

ఆఖరికి ఒక ఆదివారం మూడు కార్లు పాల్వంచ అవతల అడవి రోడ్డు మీద కలిసినయి. మెకానిక్ ఎట్లాగు భద్రాచలం దర్శనానికి పోతున్నడు, బామ్మర్దిని నేనే రమ్మన్న. పరీక్ష ఉపాయం నా భార్యది. చెంబు నిండ నీళ్ళు ఒళ్ళో పెట్టుకొని మూడు కార్లల వరుసగ కూసుంటది. అదే రోడ్డు, అదే వేగం. ఏ కారుల ఎన్ని నీళ్ళు ఒలికితే దానికి అంత తక్కువ మార్కులు.

నా కారుల మలుపుల కాడ చుక్క జారలే, గుంతల కాడ చీర తడిసింది. బామ్మర్ది కారుల గుంతల కాడ నీళ్ళు ఆగినయి, మలుపుల కొద్దిగ ఒలికినయి. నడిమి తరం కారుల రెండు చోట్ల కొంచెం కొంచెం ఒలికినయి. ముగ్గురం చెంబుల తొంగి చూసినం. మిగిలిన నీళ్ళు మూడుసార్లు ఇంచుమించు సమానం.

"ఇప్పుడు ఏమనుకోవాలె?" అని అడిగిన.

"చీర మార్చుకోవాలె" అన్నది ఆమె.

అక్కడి నుంచి భద్రాచలం బయలుదేరినం. ముందు నేను, నా పక్కన ఆమె. వెనక బామ్మర్ది, ఆ వెనక మెకానిక్. సన్నగ వాన మొదలైంది. ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు నిండ మేకలు. బ్రేకు తొక్కి స్టీరింగ్ తిప్పిన. కారు సూదిల దారం లెక్క మేకల పక్క నుంచి పోయింది. లోపల గర్వం. మెత్తటి స్ప్రింగులైతే ఏమయ్యేదో అనుకుంట అద్దంల చూసిన. బామ్మర్ది కారు అదే సందుల నుంచి నింపాదిగ వచ్చింది. దాని వెనక నడిమి తరం కూడ వచ్చింది.

సారపాకల చాయ్ తాగెతందుకు ఆగినప్పుడు, "మేకలకు భయపడ్డవా?" అని బామ్మర్దిని అడిగిన.

"నేనేం చేయలే బావా. కారే చూసుకున్నది."

ఆ మాట నాకు ఎక్కడనో తగిలింది. కారే చూసుకుంటే మనిషి ఎందుకు? నేను చూసుకున్ననని అనుకున్నది నిజమా, నా కారు కూడ దానంతట అదే చూసుకున్నదా? చాయ్ చల్లారిపోయింది. అంతల నా భార్య తమ్ముని కారు తలుపు తీసి కూసున్నది.

"నడుము ఓర్తలేదు. ఏమనుకోకు" అన్నది.

గోదావరి బ్రిడ్జి మీద నా కారుల నేనొక్కన్నే. పక్క సీటు మీద ఖాళీ చెంబు దొర్లుతున్నది.

వారం తిరగకముందే మెకానిక్ దగ్గరికి పోయి పాత స్ప్రింగులు మళ్ళ పెట్టించిన. షాకబ్జార్లు కొత్తవే ఉంచిన. ఇప్పుడు ఆమె మెచ్చుకుంటదనుకున్న. జూలూరుపాడు దాక పోయినంక, "ఊగుతుంటే కడుపుల తిప్పుతున్నది. గట్టిగున్నప్పుడే నయముండె" అన్నది. కారు పక్కకు ఆపిన. ఎవరి మీద కోపం రావాలెనో కూడ తెల్వలే.

ఈ ఏడాదిల ఇంకోటి జరిగింది. ఆమె తమ్ముని దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నది. ఒకనాడు పొద్దున, "ఇయ్యాల నేను తోలుత, నువ్వు పక్కన కూసో" అన్నది. నా కారు కొన్న నాటి నుంచి నేను ఎడమ సీట్ల కూసున్నది లేదు. ఊరు దాటినమో లేదో, నా కాళ్ళ కింద "టక్" అన్నది. ఇంకో గుంతకు మళ్ళ "టక్". ఆ దెబ్బ నేరుగ నడుముకు ఎక్కుతున్నది.

"ఈ చప్పుడు ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచి" అన్నది, రోడ్డు మీది నుంచి కన్ను తీయకుండ.

"నాకు చెప్పలే?"

"గుంతలని చెప్పలేదా? నువ్వు మలుపులన్నవ్."

ఎడమ పక్క షాకబ్జారు పైన మార్చకుండ ఉంచిన పాత రబ్బరు మౌంటు అరిగిపోయిందట. మెకానిక్ చూపిస్తే నా చేతుల పొడి పొడి అయింది. ఎడమ సీట్ల మనిషి బరువు పడితేనే చప్పుడట, అది కూడ ఆ సీట్ల ఉన్నోళ్ళకే తెలుస్తదట. ఆయన ఒక్కడే తోలి చూసిండు, నేనూ ఒక్కన్నే తోలి చూసిన. కొత్తది వేయించినం, చప్పుడు పోయింది. ఆమె నడుము నొప్పి సగం తగ్గింది. సగం ఉన్నది.

ఆ సగం స్ప్రింగులదో, కుట్టుమిషన్‌దో, వయసుదో నాకు తెల్వదు. గట్టి స్ప్రింగులు తప్పో ఒప్పో కూడ తేలలే. ఇప్పుడు బూర్గంపాడు పోయేటప్పుడు ఆమె తోలుతది, వచ్చేటప్పుడు నేను తోలుత. పోయేటప్పుడు నాకు ఒక కారు, వచ్చేటప్పుడు వేరే కారు అనిపిస్తది.